మెట్టుకూ మెట్టుకూ మధ్య

ఇందుమతి సంచీలోంచి నల్లటి పెట్టె తీసి సాల్మన్ మాస్టారి బల్ల మీద పెట్టి, "ఇది పాడైపోయింది మాస్టారూ" అంది.

కూర్చోలేదు. చెప్పులు కూడా ఒకటే విప్పింది.

మాస్టారు అప్పుడు ఏదో చర్చివాళ్ల కీబోర్డు పరీక్ష చేస్తున్నారు. ఆయన పరీక్ష సంగతి డాబాగార్డెన్స్ వెనక సందులో అందరికీ తెలుసు. ఒక మెట్టు నొక్కి వదులుతారు. కీబోర్డు కీలని ఆయన మెట్లనే అంటారు, హార్మోనియాలు బాగుచేసిన రోజుల నుంచీ అదే అలవాటు. ఆ ధ్వని సన్నగిల్లి, ఇంకా సన్నగిల్లి, పూర్తిగా ఆగిపోయేదాకా చెవి ఒగ్గి కూర్చుంటారు. ఆగిపోయాక కూడా ఇంకాసేపు కూర్చుంటారు. అప్పుడు గానీ రెండో మెట్టు ముట్టరు. అలా అరవై ఒక్క మెట్లు. మేడ కింద జిరాక్సు షాపువాళ్లు, మాస్టారి చేతికి కీబోర్డు వస్తే ఒక పూట పోయినట్టే అని నవ్వుకుంటారు.

ఇందుమతికి ఈ పద్ధతి మొదటి నుంచీ మింగుడుపడలేదు. ఆవిడ ఉద్యోగమే సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. పాత సింథసైజర్ల పని నేర్చుకుంటానని ఆర్నెల్లుగా ప్రతి శనివారం మాస్టారి దగ్గరికి వస్తోంది. వచ్చిన నెలకే ఒక చిన్న ప్రోగ్రాం రాసి తెచ్చింది. అది అరవై ఒక్క మెట్లనీ ఒక్క నిమిషంలో వాయించేసి, ఏది పలికిందో ఏది పలకలేదో జాబితా ఇచ్చేస్తుంది. మాస్టారు ఆసాంతం చూసి, "బాగుందమ్మా" అన్నారు. పై వారం వచ్చేసరికి మళ్లీ ఒక మెట్టు నొక్కి చెవి ఒగ్గి కూర్చుని ఉన్నారు. ఇందుమతి ఆ రోజంతా ముభావంగా ఉంది.

ఇప్పుడు కూడా ఆయన నొక్కిన మెట్టు ధ్వని ఆగేదాకా తల తిప్పలేదు. తరువాత పెట్టె వైపు చూశారు.

"ఏటయిందమ్మా?"

"శంఖం పలకాల్సిన చోట సైకిలు హారను పలుకుతోంది. అలల చప్పుడు రావాల్సిన చోట గిన్నెలు దొర్లుతున్నాయి. రెండుసార్లు తీగ మార్చాను. ముప్పై అయిదేళ్ల నాటిది కదా, లోపల ఏదో పోయుంటుంది. ఇంకోటి దొరుకుతుందేమో బేగి వెతకాలి."

అది మెట్లు లేని సింథసైజర్. వెనక తీగ తగిలిస్తే, ఇప్పుడు వేణువు, ఇప్పుడు మద్దెల అని కంప్యూటరు చెబుతుంది, పెట్టె వాయిస్తుంది. ముందు వైపు ఇరవై అక్షరాలు పట్టే చిన్న కిటికీ ఒకటి, పెట్టె ఏమైనా చెప్పుకోవాలంటే అందులోనే. ఒకప్పటి కంప్యూటర్ ఆటలకు ఇలాంటి పెట్టెలను దృష్టిలో పెట్టుకుని సంగీతం కట్టినవాళ్లుండేవారు. మన ఊళ్లలో ఆ ఆటలు ఆడిన పిల్లలు మాత్రం ఆ సంగీతం విననే లేదు. విన్నదల్లా కీచుకీచుమనే కంప్యూటరు స్పీకరు.

ఇందుమతీ, వాళ్ల అన్నయ్య భానోజీ అలాంటి పిల్లలే. గాజువాకలో వాళ్ల బాబాయి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. ఆదివారం మధ్యాహ్నం క్లాసులుండవు కాబట్టి వాళ్లిద్దరినీ లోపలికి రానిచ్చేవాడు. దీవిలో ఒక ముసలాయన ఏడు లైట్‌హౌసులు వెలిగించే ఆట ఉండేది. అది మొదలయ్యే ముందు, మీ దగ్గర ఏ సంగీత పరికరం ఉంది అని తెర మీద ఒక జాబితా వచ్చేది. అన్నిటికంటే పైన ఈ పెట్టె పేరు. అట్టడుగున కంప్యూటరు స్పీకరు.

భానోజీ ప్రతి ఆదివారం పైన ఉన్నదే నొక్కేవాడు. ఏ చప్పుడూ వచ్చేది కాదు.

"లేదని తెలుసు కదా అన్నయ్యా" అనేది ఇందు.

"ఈ వారం ఉందేమో అని చూశాను" అనేవాడు. తరువాత బుద్ధిగా కిందది నొక్కి, "ఎప్పటికైనా ఆ పెట్టె కొని విందాం లేవే" అనేవాడు.

అది ముప్పై ఏళ్ల పైమాట. పద్నాలుగు నెలల కిందట భానోజీ బైకు మీంచి పడ్డాడు, తలకి దెబ్బ తగిలింది. కాళ్లూ చేతులూ తేరుకున్నాయి. మాట తేరుకోలేదు. ఆయనకి అన్నీ అర్థమవుతున్నాయి, మాట కూడా రావచ్చు అని డాక్టరమ్మ చెప్పింది. పెళ్లి చేసుకోని మనిషి కాబట్టి చెల్లెలి ఇంట్లోనే ఉంటున్నాడు. ఎవరేం అడిగినా పెదవులు కదుపుతాడు, అంతే. చాలాసార్లు అదీ ఉండదు.

అందుకే ఇందుమతి దీని పని తెలిసిన మనిషి కావాలని ముందు మాస్టారిని వెతుక్కుంది, ఎక్కడెక్కడో వెతికి ఈమధ్యే ఈ పెట్టె తెప్పించింది. ఆ ఆటలోని పాట అసలు గొంతుతో వింటే అన్నయ్యకి మాట వస్తుంది. విన్నా రాలేదంటే ఇక రాదు. డాక్టరమ్మ ఇలా చెప్పలేదు, ఇంకెవరూ చెప్పలేదు. తనే మొక్కు మొక్కుకున్నట్టు మనసులో గట్టిగా పెట్టేసుకుంది. మాస్టారికి మాత్రం ఒకసారి చెప్పింది.

ఇప్పుడు ఆయన పెట్టె మూత విప్పి చూశారు. దుమ్ము తుడిచారు. మూత బిగించి, తన పాత కీబోర్డుకి తగిలించి, పెట్టెలో ఉన్న స్వరాలు ఒక్కొక్కటే పలికించారు. వేణువు. ఆగేదాకా విన్నారు. తంబురా. ఆగేదాకా విన్నారు. ఇందుమతి గోడ గడియారం వైపు, మాస్టారి వేళ్ల వైపు మార్చి మార్చి చూసింది.

గంటన్నర తరువాత, "పెట్టె బానే ఉందమ్మా" అన్నారు.

"మరి నా దగ్గర ఎందుకు పలకదు?"

"పంపేదాన్ని చూడు" అన్నారు మాస్టారు. మళ్లీ చర్చివాళ్ల కీబోర్డు ముందుకి లాక్కున్నారు.

ఇందుమతికి ఒళ్లు మండింది. అన్నయ్య కోసం తను ఇంత తాపత్రయపడుతుంటే ఈ పెద్దాయన మూడు ముక్కల్లో తేల్చేశారని. అయినా పట్టుదల గల మనిషి. ఆ వారం రోజూ ఆఫీసు నుంచి రాగానే కంప్యూటరు ముందు కూర్చుంది, పెట్టెకి ఏమేం వెళుతోందో వరసగా రాసుకుంది.

బుధవారానికి తెలిసింది. ఆ ఆట పాట మొదలుపెట్టే ముందు పెట్టెకి పాఠం చెబుతుంది. నాకు ఇలాంటి శంఖం కావాలి, ఇలాంటి అల కావాలి, ఇదిగో ఇలా తయారుచేసుకో అని అరవై పైచిలుకు కబుర్లు పంపుతుంది. అప్పటి కంప్యూటర్లు నెమ్మదైనవి. ఒక కబురు వచ్చి రెండోది వచ్చేలోపు పెట్టె మొదటిదాన్ని సర్దుకునేది. ఇందుమతి కంప్యూటరు కొత్తది. తీగ పట్టినంత వేగంగా, మధ్యలో ఊపిరి తీసుకోనివ్వకుండా అన్నీ ఒకదాని వెంట ఒకటి తోసేస్తోంది. పెట్టె కొన్ని పట్టుకుంటోంది, కొన్ని వదిలేస్తోంది. చిన్న కిటికీలో ‘బఫర్ ఓవర్‌ఫ్లో’ అని వెలిగి ఆరిపోతోంది కూడా. పట్టలేనన్ని వచ్చి పడ్డాయని పెట్టె మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉంది. ఆవిడ తీగలు మార్చే హడావిడిలో చూడలేదు.

ప్రోగ్రాంలో ఒక్క వరుస చేర్చింది. కబురుకీ కబురుకీ మధ్య నలభై మిల్లీసెకన్లు ఆగమంది. రెప్పపాటులో సగం కూడా ఉండదు.

శంఖం పలికింది. ఆ మొదటి స్వరం హెడ్‌ఫోన్లలో విని, మిగతాది అన్నయ్యతో కలిసి వినాలని అక్కడే ఆపేసింది.

ఆ సంతోషంలో మాస్టారికి పొద్దున్న ఆరింటికి ఫోన్ చేసింది. విషయం మొత్తం ఒక్క గుక్కలో చెప్పేసి, "దొరికింది మాస్టారూ, వ్యవధి ఇవ్వాలి, అంతే. అంతకు మించి ఏమీ లేదు" అంది.

"మంచిది" అన్నారు మాస్టారు. ఫోన్ కట్టయిందనుకుని ఆవిడ హలో హలో అంటుండగా, "శనివారం మీ అన్నయ్యని కూడా తీసుకురా. నా దగ్గర మంచి స్పీకర్లున్నాయి" అన్నారు.

శనివారం పొద్దున్న ఇందుమతి చాలా హడావిడిగా ఉంది.

"అన్నయ్యా, ఇడ్లీ తింటావా, దోసె తింటావా?" అని వంటింట్లోంచి అడిగింది. రోజూ అడిగేదే. భానోజీ తలెత్తాడు. "సరే, ఇడ్లీ పెట్టేస్తాలే, మెత్తగా ఉంటుంది" అని తనే అనేసి పళ్లెం తెచ్చింది. అదీ రోజూ అనేదే. అన్నయ్యకి ఏ లోటూ రానివ్వడం లేదని చుట్టాలందరూ ఇందుమతిని మెచ్చుకుంటారు. మెచ్చుకోదగ్గ మనిషే, అందులో అబద్ధం లేదు.

ఆటో దిగుతున్నప్పుడు డ్రైవరు, "జాగ్రత్త సార్, చెయ్యి ఇవ్వమంటారా?" అని భానోజీని అడిగాడు. "వద్దులెండి, అలవాటే" అంది ఇందుమతి.

మేడ మీద మాస్టారు ఎదురొచ్చి భానోజీ భుజం పట్టుకున్నారు. "రా బాబూ. ఎలా ఉన్నావు?"

భానోజీ ఆయన మొహంలోకి చూశాడు. పెదవులు విడివడ్డాయి.

"బాగున్నాడు మాస్టారూ. ఈ మధ్య నిద్ర బాగా పడుతోంది. మెట్లు కూడా తనే ఎక్కాడు చూడండి" అంది ఇందుమతి, సంచీలోంచి పెట్టె, తన ల్యాప్‌టాప్ తీస్తూ.

భానోజీ పెదవులు మూసుకున్నాయి. మాస్టారు మాత్రం చూపు తిప్పకుండా, భుజం మీది చెయ్యి తీయకుండా చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఇందుమతి తీగలు తగిలించే పనిలో ఉంది.

అన్నయ్యని స్పీకర్లకి ఎదురుగా కూర్చోబెట్టింది. తెర మీద జాబితా వచ్చింది. అన్నిటికంటే పైన ఉన్నది నొక్కింది.

పెట్టె తన పాఠం తీరుబడిగా విన్నది. తరువాత శంఖం మొదలైంది. దూరం నుంచి, తడిగాలి మీద వచ్చినట్టు. దాని కింద అలలు. అల వెనక్కి పోయే చోట సన్నటి తీగవాద్యం ఒకటి ఉందని ఇందుమతికి ఇంతవరకూ తెలీదు. చిన్నప్పటి కీచుకీచుల వెనక ఇదంతా ఉందా అనిపించింది. భానోజీ కుడి చేతి వేళ్లు మోకాలి మీద కదిలాయి. పైకి, పక్కకి, పైకి. ముసలాయన్ని నడిపించే మీటల మీద కదిలినట్టే.

పాట ఆగింది.

"అన్నయ్యా, గుర్తొచ్చిందా? ఇది ఏ ఆట చెప్పు. బాబాయి వాళ్ల ఇన్‌స్టిట్యూట్ గుర్తుందా? లైట్‌హౌసులు ఎన్ని? ఏడు కదా? నువ్వేగా పెట్టె కొందామన్నావు, ఇదే అది. విన్నావా శంఖం? ఏమైనా అను అన్నయ్యా. ఇందూ అను. పోనీ ఊ అను. బాగుందా? బాగాలేదా?"

భానోజీ నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరవబోయి, చెల్లెలి మొహం చూసి తల దించుకున్నాడు.

ఇందుమతి ఇటు తిరిగింది. ఆర్నెల్ల శనివారాలూ ఆ ఒక్క నిమిషంలో కూలిపోయాయి.

"రాలేదు మాస్టారూ" అంది. "ఇక రాదు."

కళ్లు తుడుచుకుంటూనే పెట్టె వెనక తీగ పీకబోయింది.

"ఉంచమ్మా" అన్నారు మాస్టారు. "ఆ వ్యవధి అన్నావే, అది ఎక్కడ రాశావు?"

ఎందుకు అడుగుతున్నారో అర్థం కాలేదు. తెర మీద ఆ వరుస చూపించింది. మాస్టారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. నలభై ఎక్కడుందో వెతుక్కుని, చూపుడువేలితో రెండంకెలూ చెరిపి, సున్నా నొక్కారు.

"ఇప్పుడు పెట్టు."

"పలకదు మాస్టారూ. తెలిసిందే కదా."

"పెట్టమ్మా."

పెట్టింది. చిన్న కిటికీలో ఆ రెండు మాటలూ వెలిగి ఆరిపోయాయి. శంఖం ఉండాల్సిన చోట సైకిలు హారను అరిచింది. గిన్నెలు దొర్లాయి. భానోజీ ఉలిక్కిపడి చెల్లెలి వైపు చూశాడు. ఆవిడ చప్పున ఆపేసింది.

"పెట్టె పాడైపోనాదేటమ్మా?" అని అడిగారు మాస్టారు.

"లేదు. పెట్టె బానే ఉంది. నేనే బేగి బేగి తోసేసి..."

అక్కడ ఆగిపోయింది.

పెట్టె వైపు చూసింది. తరువాత అన్నయ్య వైపు చూసింది. ఇందాక మూసుకున్న ఆ పెదవులు ఆవిడకి ఇప్పుడు కనిపించాయి. ఆటో దగ్గర, గుమ్మం దగ్గర, పొద్దున్న పళ్లెం ముందు. పద్నాలుగు నెలల పళ్లేలన్నీ కనిపించాయి. సిగ్గుతో మొహం వేడెక్కింది.

స్టూలు లాక్కుని అన్నయ్యకి ఎదురుగా కూర్చుంది. ఏమీ అడగలేదు. అడగాలని మూడుసార్లు నోటిదాకా వచ్చింది. మూడుసార్లూ మింగేసింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది.

మాస్టారు ఫ్యాను ఆపి వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు.

కింద జిరాక్సు మిషను ఒక పుస్తకం మొత్తం తీస్తున్నట్టుంది, ఎంతకీ ఆగలేదు. మెట్ల మీద ఎవరో సగం ఎక్కి, పైన చప్పుడు లేకపోయేసరికి దిగిపోయారు. భానోజీ చెల్లెలిని చూస్తున్నాడు. ఇందు ఎందుకు మాట్లాడటం లేదా అన్నట్టు మొదట కంగారుపడ్డాడు. తరువాత కంగారు పోయింది. చూపు ఎటో లోపలికి వెళ్లింది. జిరాక్సు మిషను ఆగింది. భానోజీ నుదుటి మీద చిన్నగా చెమట పట్టింది. నాలుక పై పళ్ల వెనక్కి చేరడం ఇందుమతికి కనిపించింది.

"దో" అన్నాడు.

ఆవిడ ఊపిరి బిగబట్టింది. ఆ మాటని తను పూర్తిచేసేయకుండా పెదవి కొరుక్కుంది.

మళ్లీ చాలాసేపు ఏమీ లేదు.

"దోసె" అన్నాడు భానోజీ.

ఇందుమతికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూ కళ్లు తుడుచుకుని, "ఏ దోసె అన్నయ్యా? ఉల్లి..." అంది.

చటుక్కున అరచేత్తో తన నోరు తనే మూసుకుంది.

మాస్టారు తెర దగ్గరికి వంగి, చూపుడువేలితో నాలుగు నొక్కారు, సున్నా నొక్కారు. వచ్చి మళ్లీ కుర్చీలో వెనక్కి వాలారు.

"కంగారేం లేదమ్మా" అన్నారు. "కింద హోటల్లో పదకొండు దాకా వేస్తారు."